కార్పెట్‌కు కొట్టే స్టెయిన్ గార్డ్ మా ఒంట్లోకి వెళ్తోందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. బెంగళూరు మారతహళ్లిలో సోఫాలు, కార్పెట్లు శుభ్రం చేసే చిన్న వ్యాపారం నడుపుకుంటున్నాను. మా ఊరి కుర్రాళ్లు నలుగురు నా దగ్గర పనిచేస్తారు. పగలు అపార్ట్‌మెంట్లు, రాత్రి పది దాటాక ఆఫీసులు. షాంపూ చేసి, మెషిన్‌తో మురికినీళ్లు లాగేశాక, మరకలు పట్టకుండా స్టెయిన్ గార్డ్ కొడతాం. నాకు నాలుగు డబ్బులు మిగిలేది అందులోనే. ఇదివరకు చేతిపంపుతో కొట్టేవాళ్లం. పెద్ద ఆఫీసు కాంట్రాక్టు వచ్చాక, కరోనా రోజుల్లో శానిటైజర్ కోసం కొన్న ఫాగింగ్ మెషిన్‌నే దీనికీ వాడుతున్నాం. పని త్వరగా అయిపోతుంది.

నాలుగు నెలలుగా నాకు పొడిదగ్గు. తెల్లవారుజామున ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. రెండు రోజులు ఊరికి వెళ్తే తగ్గుతుంది. పోయిన నెల మా కుర్రాడొకడికి పని నుంచి వచ్చిన రాత్రే చలిజ్వరం వచ్చింది. డెంగీ, మలేరియా పరీక్షలు చేయిస్తే ఏమీ లేదన్నారు. మర్నాడు సాయంత్రానికి లేచి మామూలుగా తిరిగాడు. ఈమధ్య ఫోనులో ఒక వీడియో చూశాను. ఈ మందుల్లో ఉండేది ఒంట్లోంచి ఎప్పటికీ పోదట, క్యాన్సర్ వస్తుందట. సరుకు అమ్మే ఆయనను అడిగితే ‘ఇది నీళ్ల మందే, తాగినా ఏమీ కాదు’ అన్నాడు. నా భార్యకు ఐదో నెల. నా పని బట్టలు తనే ఉతుకుతుంది. డబ్బాలు మా ఇంటి బాల్కనీలోనే పెడతాం. రక్తపరీక్ష చేయించుకోవాలా? ఈ పని మానేయాలా?

— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు ఆ ఫాగింగ్ మెషిన్‌ను పక్కన పెట్టండి. ఈ రాత్రి ఆఫీసు పనికి కూడా దాన్ని తీసుకెళ్లవద్దు. క్యాన్సర్ సంగతి, రక్తపరీక్ష సంగతి, వ్యాపారం సంగతి అన్నీ ఒక్కొక్కటిగా చెబుతాను. కానీ మీ ఉత్తరం మొత్తంలో నన్ను కంగారు పెట్టింది వీడియోలో మీరు విన్న మాట కాదు, పని త్వరగా అవుతుందని మీరు మామూలుగా రాసేసిన ఆ ఒక్క వాక్యం. మనుషులు పనిచేసే చోట వాళ్లు పీల్చే గాలిని పరీక్షించడమే నా వృత్తి. స్టెయిన్ గార్డ్‌ను మూసిన గదిలో ఫాగింగ్ మెషిన్‌తో కొట్టడం కొరివితో తల గోక్కోవడమే.

ఎందుకో చెబుతాను. స్టెయిన్ గార్డ్ చేసే పని ఏమిటి? నూలు పోగు మీద కంటికి కనిపించని పొరలా పరుచుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టే ఆ పొర మీద కాఫీ, నూనె నిలవవు. కార్పెట్ మీద అది చక్కని పనే. ఇక మన ఊపిరితిత్తుల్లోకి రండి. వాటి చివర కోట్లాది చిన్న చిన్న గాలి సంచులు ఉంటాయి. ఊపిరి వదిలినప్పుడు అవి ముడుచుకుని అతుక్కుపోకుండా, లోపల ఒక పలుచని జిడ్డు ద్రవం వాటిని తెరిచి ఉంచుతుంది. నీటిని, నూనెను దూరంగా తోసేయడానికే తయారైన మందు ఆ ద్రవం మీద పడితే ఆ పొర పనితనం చెడుతుంది. గాలి సంచులు ముడుచుకుపోతాయి. దగ్గు, ఆయాసం, ఛాతీ బిగువు, ఒక్కోసారి జ్వరం, వికారం వస్తాయి. కొన్ని నిమిషాల్లోనే మొదలవవచ్చు, కొన్ని గంటలు ఆగి కూడా మొదలవవచ్చు.

అయితే మందు అంత లోతుకు వెళ్లాలంటే తుంపర చాలా సన్నగా ఉండాలి. దాదాపు 10 మైక్రాన్లకు లోపు ఉన్న తుంపరే గాలి సంచుల దాకా చేరుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాన్నిబట్టి ఊహించండి. చేతిపంపు నుంచి వచ్చే తుంపరలు లావుగా, బరువుగా ఉంటాయి. వాటిలో చాలా భాగం కార్పెట్ మీదే పడిపోతుంది. ఫాగింగ్ మెషిన్ తయారైందే సన్నని తుంపర కోసం. గాలిలో ఎక్కువసేపు తేలుతూ ఉండాలి, మూలమూలకూ చేరాలి అన్నది దాని లక్ష్యం. శానిటైజర్‌కు పనికొచ్చిన ఆ గుణమే ఇక్కడ మీ పాలిట శత్రువు. ఏసీ ఆపేసిన ఆఫీసులో, తెరవడానికి కిటికీలే లేని అద్దాల గదుల్లో రాత్రంతా ఆ మంచులోనే మీరు తిరుగుతున్నారు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2006లో జర్మనీలో బాత్రూమ్ అద్దాలకు, టైల్స్‌కు నీరు అంటకుండా చేసే ఒక కొత్త స్ప్రే డబ్బా బజారులోకి వచ్చింది. కొద్ది రోజుల్లోనే దాదాపు వంద మంది దగ్గుతో, ఆయాసంతో వైద్యుల దగ్గరకు పరుగెత్తారు. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. సరుకును వెంటనే వెనక్కి తీసుకున్నారు. అదే పేరుతో అంతకుముందు చేతిపంపు సీసాలో అమ్మినప్పుడు ఇలాంటి ఫిర్యాదులు రాలేదు. తుంపర సన్నబడేసరికి కథ మారిపోయింది. అమెరికాలోనూ 1992, 1993లలో తోలు వస్తువులకు, బూట్లకు కొట్టే స్ప్రేలతో ఇదే జరిగింది.

మీ కుర్రాడి చలిజ్వరం విషయానికి వస్తాను. పని చేసి వచ్చిన రాత్రే వణుకుతో జ్వరం, పరీక్షల్లో ఏమీ తేలకపోవడం, మర్నాటికి దానంతట అదే తగ్గిపోవడం. ఈ మూడూ కలిసి వస్తే నాకు ముందు గుర్తొచ్చేది పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అనే జ్వరం. టెఫ్లాన్ అంటే నాన్‌స్టిక్ పెనాలకు వేసే పూత, చాలా స్టెయిన్ గార్డ్‌లలోని ఫ్లోరిన్ రసాయనాలూ ఆ కోవవే. ఈ జాతి పదార్థాలు బాగా వేడెక్కినప్పుడు వచ్చే పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత సరిగ్గా ఇలాగే వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. టెఫ్లాన్ పనివారిలో దీన్ని మొదట గుర్తించినప్పుడు చాలామంది విషయంలో కారణం సిగరెట్ అని తేలింది. చేతికి అంటిన పొడి సిగరెట్‌కు అంటుకుని, ఆ నిప్పులో కాలి, పొగతో పాటు లోపలికి వెళ్లేది. ఆ అబ్బాయికి బీడీ, సిగరెట్ అలవాటు ఉందా? పని మధ్యలో చేతులు కడుక్కోకుండా కాల్చాడా? అడగండి. తిట్టే ధోరణిలో అడిగితే దాచేస్తాడు, మంచిగా అడగండి. అలవాటు లేకపోతే ఆ రాత్రి పీల్చిన మంచే కారణమై ఉండవచ్చు. ఏదైనా సరే, స్టెయిన్ గార్డ్ చేతికి అంటి ఉన్నంతసేపు మీ జట్టులో ఎవరూ పొగ తాగకూడదు. పని చేసే గదిలో అయితే అసలే కూడదు. వాసన పోవాలని సాంబ్రాణి, అగరుబత్తి వెలిగించడం కూడా వద్దు.

ఇక మీ దగ్గు. ఊరికి వెళ్తే తగ్గుతోందని రాశారే, వైద్యుడికి అది ఎక్స్‌రే కన్నా విలువైన సమాచారం. పని వల్ల వచ్చే ఆస్తమాకు అది ముఖ్యమైన గుర్తు. శుభ్రపరిచే వృత్తిలో ఉన్నవారికి ఆస్తమా ఎక్కువని ఎన్నో దేశాల్లో తేలింది. దానికి స్టెయిన్ గార్డ్ ఒక్కటే కారణం కానక్కర్లేదు. షాంపూలోని ద్రావకాలు, అమ్మోనియా, బ్లీచింగ్, సువాసన మందులు, కార్పెట్ నుంచి లేచే దుమ్ము అన్నిటికీ అందులో వాటా ఉండవచ్చు. ఈ వారంలోనే ఊపిరితిత్తుల వైద్యుడిని కలవండి. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేకపోతే నిమ్‌హాన్స్ దగ్గర ప్రభుత్వ రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ఉంది. స్పైరోమెట్రీ చేయమని అడగండి. గొట్టంలోకి గట్టిగా ఊదించి, గాలి ఎంత వేగంగా బయటికి వస్తోందో చూసే పరీక్ష అది. లోపలికి వెళ్లగానే ‘దగ్గు’ అని మాత్రమే చెబితే సిరప్ రాసి పంపేస్తారు. నేను ఈ పని చేస్తాను, ఈ మందులు వాడతాను, సెలవు రోజున తగ్గుతుంది అని మీరే చెప్పాలి. డబ్బాల మీది పేర్లు ఫొటోలు తీసుకుని వెళ్లండి. మన దగ్గర వైద్యులు సాధారణంగా ‘ఏం పని చేస్తారు’ అని అడగరు. రోజుకు వంద మందిని చూడాల్సిన వైద్యుడికి అంత తీరిక ఉండదు. చెప్పాల్సింది మనమే.

మీకు గానీ, కుర్రాళ్లలో ఎవరికైనా గానీ పని తర్వాత మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, దగ్గులో నురగ రావడం కనిపిస్తే పొద్దున చూద్దాంలే అని పడుకోబెట్టవద్దు. 108కి ఫోన్ చేయండి. ఈ జబ్బులో మొదట కాస్త తేలికగా అనిపించి, కొన్ని గంటల తర్వాత ముదిరే సందర్భాలు ఉంటాయి.

ఇప్పుడు మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న. ఒంట్లోంచి ఎప్పటికీ పోదన్న మాట ఎంత నిజం?

వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. అందులో చెప్పేది పీఫాస్ గురించి. చాలా స్టెయిన్ గార్డ్‌లలో వాడే ఈ పీఫాస్ వేల రసాయనాలున్న పెద్ద కుటుంబం. కార్బన్, ఫ్లోరిన్ కలిసిన బంధం చాలా గట్టిది కాబట్టి ఇవి ప్రకృతిలో కుళ్లిపోవు. కార్పెట్ల వ్యాపారంలోకి ఇవి వచ్చి ఏడు దశాబ్దాలవుతోంది. అమెరికాలో త్రీఎం కంపెనీ ప్రయోగశాలలో 1953లో ఒక రసాయనం సహాయకురాలి కాన్వాస్ బూటు మీద ఒలికింది. ఆ చోట తర్వాత నీళ్లు గానీ, మురికి గానీ అంటలేదు. దాని నుంచే స్కాచ్‌గార్డ్ పుట్టి 1956లో అమ్మకానికి వచ్చింది. అందులో వాడిన, పీఫాస్ కుటుంబానికే చెందిన పీఎఫ్ఓఎస్ జాతి రసాయనాలు లోకమంతా మనుషుల రక్తంలో కనిపిస్తున్నాయని తేలాక, 2000 మే నెలలో ఆ కంపెనీయే వాటిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత నాలుగు కార్బన్ల రసాయనంతో కొత్త రకం తెచ్చింది. డ్యూపాంట్ లాంటి మిగతా కంపెనీలు వాడిన పీఎఫ్ఓఏ అనే ఎనిమిది కార్బన్ల రకాన్ని 2015 నాటికి మానేయాలని అమెరికాలో ఒప్పందం జరిగింది. త్వరగా నశించని విష రసాయనాలను అరికట్టడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోం ఒప్పందం జాబితాలో పీఎఫ్ఓఎస్ 2009లో, పీఎఫ్ఓఏ 2019లో చేరాయి. 2023 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం పీఎఫ్ఓఏ మనుషులకు క్యాన్సర్ కారకమేనని, పీఎఫ్ఓఎస్ కారకం కావచ్చునని తేల్చింది.

ఒంట్లో ఎంతకాలం ఉంటాయి? రక్తంలో ఉన్న పీఎఫ్ఓఎస్ సగానికి తగ్గడానికి సుమారు ఐదేళ్లు, పీఎఫ్ఓఏకు రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. స్కాచ్‌గార్డ్‌లో తర్వాత వచ్చిన నాలుగు కార్బన్ల రకానికి నెల రోజులు చాలు. ఎప్పటికీ పోవన్నది నేలకు, నీటికి వర్తిస్తుంది. మన ఒంట్లోంచి నెమ్మదిగానైనా పోతాయి, కొత్తగా లోపలికి వెళ్లడం ఆగితే. కాబట్టి ఇప్పటి నుంచి మీరు తీసుకునే జాగ్రత్త ఏదీ వృథా కాదు.

వీడియోల్లో చూపించే క్యాన్సర్ కథల్లో చాలావరకు అమెరికాలో పార్కర్స్‌బర్గ్ అనే ఊరి చుట్టూ ఉన్నవారివి. డ్యూపాంట్ ఫ్యాక్టరీ నుంచి పీఎఫ్ఓఏ తాగునీటిలో కలిసి, అక్కడివారు ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగారు. దాదాపు 69 వేల మంది రక్తాన్ని, ఆరోగ్య వివరాలను పరిశీలించిన శాస్త్రవేత్తల బృందం 2012 నాటికి ఆరు జబ్బులతో దానికి సంబంధం ఉండవచ్చని చెప్పింది. మూత్రపిండాల క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు, కొలెస్ట్రాల్ పెరగడం, గర్భిణులకు వచ్చే రక్తపోటు. అందులో మీకు వర్తించేది ఎంత, వర్తించనిది ఎంత అన్నది మీరు వాడే మందులో ఏముందన్న దాన్ని బట్టి, అది లోపలికి ఎలా వెళ్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. కార్పెట్ దారిన కూడా ఇవి ఒంట్లోకి చేరతాయన్నది మాత్రం నిజం. 2012లో కెనడా శాస్త్రవేత్తలు ఒక కుటుంబం గురించి రాశారు. ఇంట్లోని కార్పెట్లకు ఏళ్ల తరబడి పదే పదే ఈ రకం మందు కొట్టించారు. ఇంటిల్లిపాది రక్తంలోనూ పీఫాస్ అసాధారణంగా ఎక్కువగా ఉంది. కార్పెట్ అరిగే కొద్దీ మందు దుమ్ములో కలుస్తుంది. ఆ దుమ్ము చేతికి అంటి నోట్లోకి వెళ్తుంది. నేల మీద పాకే పిల్లలకు ఇది మరీ ఎక్కువ. మీకూ అదే దారి ఉంది. పని మధ్యలో చేతులు కడుక్కోకుండా తినే పులిహోర పొట్లం, తాగే టీ కప్పు.

ఇక ‘నీళ్ల మందే, తాగినా ఏమీ కాదు’ అన్న మాట. నీళ్ల మందు అంటే దేనిలో కలిపారో చెప్పడమే. కలిపినదేమిటో అది చెప్పదు. అమ్మే ఆయన మోసగాడని నేను అనడం లేదు, అతనికీ తెలిసి ఉండకపోవచ్చు. తెలుసుకునే దారి ఉంది. పారిశ్రామిక రసాయనాలకు తయారీదారు సాధారణంగా సేఫ్టీ డేటా షీట్ అనే కాగితం ఇస్తాడు. అందులో పదహారు భాగాలుంటాయి. రెండో భాగంలో ప్రమాదాలు, మూడో భాగంలో పదార్థాల పేర్లు, నాలుగో భాగంలో ప్రథమ చికిత్స, ఎనిమిదో భాగంలో వేసుకోవాల్సిన మాస్కు, చేతి తొడుగుల వివరాలు ఉంటాయి. వాట్సాప్‌లో పంపమని అడగండి. మూడో భాగంలో ‘ఫ్లోరో’, ‘పెర్‌ఫ్లోరో’, ‘సీ8’, ‘సీ6’ అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. వ్యాపార రహస్యం అని అక్కడ ఖాళీగా వదిలేస్తే, ‘ఇందులో ఫ్లోరిన్ రసాయనాలు లేవు’ అని తయారీ కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. రాసివ్వలేకపోతే ఆ సరుకు కొనవద్దు. డబ్బా మీద తయారీదారు పేరు, ఊరు కూడా లేకుండా తెల్ల క్యాన్లలో పోసి అమ్మే విడి సరుకు అయితే ధర ఎంత తక్కువైనా ముట్టుకోవద్దు. మన కేంద్ర ప్రభుత్వం 2020లో స్టాక్‌హోం ఒప్పందం కింద ఏడు రసాయనాలకు ఆమోదం తెలిపింది, ఆ ఏడింటిలో ఇవి లేవు. కాబట్టి ఇక్కడ అడిగి తెలుసుకునే బరువు కొనేవాడి మీదే పడింది.

‘సీ6 అయితే సురక్షితం’ అని కొందరు అమ్మేవాళ్లు చెబుతారు. ఆరు కార్బన్ల రకం ఒంట్లోంచి త్వరగా పోతుందన్నది నిజమే. కానీ అదీ నేలలో, నీటిలో కుళ్లదు. 2024లో ఐరోపా సమాఖ్య దాని మీద కూడా ఆంక్షలు పెట్టింది. వీలైతే ఫ్లోరిన్ లేని రకాలకు మారండి. ఆక్రిలిక్, సిలికాన్ పాలిమర్లతో చేసినవి దొరుకుతాయి. నూనె మరకల దగ్గర అవి ఫ్లోరిన్ రకాలంత బాగా పనిచేయవు, నీళ్లను, పొడి మురికిని మాత్రం ఆపుతాయి. అయితే ఒక హెచ్చరిక. ఫ్లోరిన్ లేదు కదా అని దాన్ని ఫాగింగ్ మెషిన్‌లో పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ఏ పొర మందైనా అక్కడ పొరే కడుతుంది.

రక్తపరీక్ష గురించి అడిగారు. పీఫాస్ పరీక్ష మన ఊళ్లలో మామూలుగా దొరికేది కాదు, ఖరీదైనది. పైగా మీ దగ్గుకు కారణం ఏమిటో ఆ అంకె చెప్పదు. అమెరికా జాతీయ అకాడమీలు 2022లో వైద్యులకు ఒక పద్ధతి సూచించాయి. మిల్లీలీటరు రక్తంలో పీఫాస్ మొత్తం 20 నానోగ్రాములు దాటితే కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలు చేయాలి, మూత్రపిండాలు, వృషణాలు, పేగుల జబ్బు లక్షణాలు ఉన్నాయేమో గమనించాలి అన్నాయి. అంకె తెలిసినా చివరికి చేసేది అవే పరీక్షలు. వాటినే నేరుగా చేయించుకోండి. కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ ప్రొఫైల్, థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్, మూత్ర పరీక్ష, రక్తపోటు ఏ చిన్న ల్యాబ్‌లోనైనా అయిపోతాయి. ఏడాదికోసారి చేయించి కాగితాలు దాచుకోండి. ఒంట్లో విషాన్ని కడిగేస్తామని పొడులు, కషాయాలు అమ్మేవాళ్లు ఈ వీడియోల కిందే తిరుగుతుంటారు. వాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మీ ఇంటావిడ విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ రసాయనాలు మాయ ద్వారా బిడ్డకు కొంత చేరతాయి. బిడ్డ బరువు కాస్త తగ్గడంతో, తల్లికి రక్తపోటు రావడంతో వీటికి సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించింది. బట్టల ద్వారా ఆమెకు చేరేది మీరు పీల్చేదానితో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి కంగారు పడవద్దు, ఆమెను కంగారు పెట్టవద్దు. కానీ ఈ రోజు నుంచి మీ పని బట్టలు ఆమె ముట్టుకోకూడదు. పని దగ్గరే బట్టలు మార్చుకుని, సంచిలో మూతికట్టి తెచ్చి, మీరే విడిగా ఉతకండి. ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ తర్వాతే ఆమె దగ్గరకు, ఇంట్లో పిల్లలుంటే వాళ్ల దగ్గరకు వెళ్లండి. బూట్లు గుమ్మం బయటే వదలండి. బాల్కనీలోని డబ్బాలు ఇంటి నుంచి తీసేయండి. బండి పెట్టుకునే చోట గానీ, చిన్న గోదాములో గానీ తాళం వేసి పెట్టండి. తాగునీటి సీసాల్లోకి మందు వంచి దాచే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మాన్పించండి. ప్రతి చెకప్‌కూ రక్తపోటు చూస్తారు, ఒక్కటి కూడా తప్పిపోకుండా తీసుకెళ్లండి. మీ పని ఏమిటో ఆ డాక్టరమ్మకు చెప్పండి. రేపు బిడ్డ పుట్టాక, పాలలో ఇది ఉంటుందని ఎవరైనా భయపెడితే పాలు మాన్పించవద్దు. తల్లిపాల వల్ల బిడ్డకు కలిగే మేలు ఆ భయం కన్నా చాలా పెద్దది.

పని మానేయాల్సిన అవసరం లేదు, పని చేసే తీరు మారాలి. స్టెయిన్ గార్డ్‌ను తక్కువ ఒత్తిడి చేతిపంపుతో, లావు తుంపర వచ్చే నాజిల్‌తో, కార్పెట్‌కు దగ్గరగా పట్టుకుని కొట్టండి. సోఫాలకైతే స్పాంజితో గానీ, మెత్తని బ్రష్‌తో గానీ పూస్తే తుంపర బాధే ఉండదు. గది చివరి నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి నడుస్తూ రండి. కొట్టిన చోటుకు మళ్లీ వెళ్లవద్దు. అపార్ట్‌మెంట్‌లో అయితే ఎదురెదురు కిటికీలు తెరిచి, గాలి బయటికి పోయేలా ఫ్యాను పెట్టండి. ఆఫీసులో అయితే మీరు పనిచేసే గంటల్లో బయటి గాలి లోపలికి వచ్చేలా ఏసీ యంత్రం నడపమని ఫెసిలిటీ మేనేజర్‌ను ముందే అడగండి. రాత్రిపూట కరెంటు ఖర్చని ఒప్పుకోకపోతే, ఆ ఆఫీసులో శుభ్రం మాత్రమే చేయండి, స్టెయిన్ గార్డ్ కొట్టవద్దు. ఈ ఒక్క విషయంలో బేరం ఆడవద్దు.

బట్ట మాస్కు, నీలం సర్జికల్ మాస్కు ఈ పనికి పనికిరావు. ఎన్95 తుంపరను చాలావరకు ఆపుతుంది గానీ ద్రావకాల ఆవిరిని ఆపదు. రెండిటినీ ఆపే, మార్చుకోగల ఫిల్టర్లున్న రబ్బరు సగం ముఖం మాస్కులు పారిశ్రామిక భద్రతా సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. గడ్డం ఉంటే అవి ముఖానికి సరిగా అతకవు. మాస్కు పెట్టుకున్నా మందు వాసన తెలుస్తోందంటే ఫిల్టర్ మార్చే సమయం వచ్చిందని, లేదా మాస్కు సరిగా కూర్చోలేదని అర్థం. నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు అందరికీ కావాలి. వాటి ఖర్చు మీరే పెట్టుకోవాలి, కుర్రాళ్ల జీతంలో కోయవద్దు. మీ ఊరి నుంచి మీ మాట నమ్మి వచ్చిన పిల్లలు వాళ్లు.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. మీ సంచిలో తుప్పు మరకల మందు ఉందా? కార్పెట్ మీద కుర్చీ కాళ్ల తుప్పు గుర్తులు తీయడానికి వాడే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. స్టెయిన్ గార్డ్‌లోని ఫ్లోరిన్ వేరు, ఇది వేరు. ఇది తక్షణ విషం. చేతి మీద చుక్క పడితే మొదట మంట కూడా తెలియకపోవచ్చు. గంటల తర్వాత భరించలేని నొప్పి మొదలవుతుంది, అప్పటికి లోపల ఎముక దాకా వెళ్లి ఉంటుంది. ఎక్కువ చోట పడితే ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసి గుండెను కూడా దెబ్బతీస్తుంది. పడిన వెంటనే కుళాయి కింద ధారగా కడుగుతూ ఉండాలి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లి మందు పేరు చెప్పాలి. దీనికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ వాడతారు. నా సలహా, ఆ మందు మీ సంచిలో ఉండనే కూడదు. తుప్పు మరక పోకపోతే పోలేదని కస్టమర్‌కు చెప్పండి. అలాగే బ్లీచింగ్‌ను యాసిడ్‌తో గానీ, అమ్మోనియా మందుతో గానీ ఒకే బకెట్‌లో కలపనివ్వకండి. అప్పుడు వచ్చే వాయువులు ఊపిరితిత్తులను కాల్చేస్తాయి.

ఆదాయం తగ్గుతుందన్న మీ బెంగ నాకు అర్థమైంది. కానీ స్టెయిన్ గార్డ్ అవసరమే లేని చోట కూడా మనం అమ్ముతున్నామేమో ఒకసారి చూడండి. ఆఫీసుల్లో పరిచే నైలాన్ కార్పెట్ టైల్స్‌లో చాలావాటికి రంగు పోగులోనే కలిసి ఉంటుంది, మరక నిరోధకత ఫ్యాక్టరీలోనే వచ్చేస్తుంది. ప్రతి ఆరు నెలలకూ పైన మళ్లీ కొట్టించడం వల్ల వాళ్లకు ఒరిగేది పెద్దగా ఉండదు. కాంట్రాక్టులో ఆ పనికి బదులు నెలకోసారి గట్టి వాక్యూమింగ్, మరక పడిన రోజే వచ్చి తీసే సేవ పెట్టండి. మీకు నిలకడగా డబ్బు వస్తుంది. పాకే పిల్లలున్న ఇళ్లకు, గర్భిణులున్న ఇళ్లకు స్టెయిన్ గార్డ్ మీరే వద్దనండి. ఎందుకు వద్దో రెండు ముక్కల్లో చెప్పండి. ఈ ఊళ్లో అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో మీ పేరు వెళ్లడానికి ఆ రెండు ముక్కలు చాలు. మెషిన్‌లోంచి తీసిన మురికినీళ్లను వీధి పక్క వాననీటి కాలువలో పోయవద్దు, అది నేరుగా చెరువుల్లోకే వెళ్తుంది. టాయిలెట్‌లో పోయండి. అక్కడి నుంచి శుద్ధి కేంద్రానికి వెళ్లినా పీఫాస్ పూర్తిగా పోదు. అందుకే తక్కువ వాడటమే మేలని అంటున్నాను.

మిగిలి ఉన్న డబ్బాలను ఎవరికీ తక్కువ ధరకు అమ్మేయకండి, కాలువలో వంచకండి. అమ్మిన ఆయనకే తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించండి. సేఫ్టీ డేటా షీట్ చేతికి వచ్చాక రెండు, మూడు, ఎనిమిది భాగాల ఫొటోలు ఇదే చిరునామాకు పంపండి. ఏ మాటకు అర్థం ఏమిటో, ఆ మందు వాడవచ్చో వద్దో చూసి మీకు విడిగా రాస్తాను. స్పైరోమెట్రీ చేయించుకుంటే ఆ కాగితం కూడా జత చేయండి.